మంచేనహళ్ళికి వచ్చిన మచ్చు చిప్పు

చిక్కబళ్ళాపురం నుంచి గౌరిబిదనూరు పోయే దారిలో మంచేనహళ్ళి వస్తుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ కలగలిపి మాట్లాడుకునే ఊళ్ళలో అదొకటి. మా అక్కను ఆ ఊరికే ఇచ్చాము. బావది పట్టుపురుగుల సేద్యం. ఎకరమున్నర మల్బరీ తోట, ఇంటి వెనకాల పురుగుల షెడ్డు. గూళ్ళు తయారైతే శిడ్లఘట్ట మార్కెట్టుకు పోతాయి. అటువంటి ఇంట్లోకి 2021 సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక సర్వరు ప్రాసెసరు వచ్చి కూర్చున్నది. అది ఎలా వచ్చిందో, వచ్చాక ఆ ఇంటివారిని ఎంత తిప్పలు పెట్టిందో చెబుదామని ఈ నాలుగు మాటలు. కంప్యూటరు సంగతి అనగానే పేజీ తిప్పేయకండి. మధ్యమధ్య పట్టుపురుగులు కూడా వస్తాయి!

మా అక్క కూతురు అప్పుడు బెంగళూరులో ఎలక్ట్రానిక్సు ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం చదువుతోంది. 2020లో కరోనా వచ్చి హాస్టలు మూసేశాక చదువంతా ఇంటినుంచే. ఆ అమ్మాయి ఎంచుకున్న ప్రాజెక్టు ఏమిటంటే, ఒక చిన్న ప్రాసెసరును తానే రూపొందించడం. ఇంట్లో కూర్చుని ప్రాసెసరు చేయడానికి అదేమైనా అప్పడమా అని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కానీ ఈ రోజుల్లో చిప్పును ముందు కాగితం మీద ఉత్తరం రాసినట్టు రాస్తారు. వెరిలాగ్ అని దానికొక భాష ఉంది. రాసిన దానిని కంప్యూటరులో నడిపి, నిజంగా చిప్పు అయితే ఎలా ప్రవర్తిస్తుందో చూస్తారు. ఫ్యాక్టరీ సంగతి ఆ తర్వాత.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు 2010లో రిస్క్-ఫైవ్ అనే ఆదేశాల పట్టికకు శ్రీకారం చుట్టి, ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని లోకానికి వదిలిపెట్టారు. మన మద్రాసు ఐ.ఐ.టి.వారి ‘శక్తి’ ప్రాసెసర్లు దాని మీద కట్టినవే. 2018లో వాటిలో ఒకటి లైనక్సును నడిపింది. ఆ వార్త చదివి, మనమూ ఒకటి చేసి చూద్దామని ఉత్సాహపడిన పిల్లలలో మా పాప ఒకతె.

రాయడం ఒక ఎత్తు, రాసినది సరిగా ఉందని రుజువు చేసుకోవడం పది ఎత్తులు. అందుకు వేలకొద్దీ చిన్న చిన్న లెక్కలను ఒక పద్ధతి లేకుండా పుట్టించి, తన ప్రాసెసరుకు ఒకసారి, సరైనదని తెలిసిన మరొక నమూనాకు ఒకసారి ఇచ్చి, రెండు జవాబులనూ పోల్చాలి. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో తప్పు ఉన్నట్టే. ఆమె పాత ల్యాప్‌టాపులో ఈ తతంగం ఒక్కసారి పూర్తికావడానికి తొమ్మిది గంటలు పట్టేది. రాత్రి మొదలుపెడితే తెల్లవారి కోడి కూశాక ఫలితం!

“మామా, నాకు కోర్లు ఎక్కువ కావల్ల” అని ఫోను చేసింది ఒకరోజు. కోర్లు అంటే ఒకే చిప్పులో పక్కపక్కన కూర్చుని పనిచేసే గుమాస్తాలనుకోండి. టెస్టులు వేలల్లో ఉన్నప్పుడు ఒక గుమాస్తా కంటే ఆరుగురు నయం కదా! కొత్త కంప్యూటరు ధర విని బావ నోరు తెరిచాడు. ఆ పంట గూళ్ళ డబ్బులోంచి రూ. 25,000 మాత్రం విడిగా తీసి కూతురి చేతిలో పెట్టి, “దీంట్లోనే కానీ, ఇంక అడగొద్దు” అన్నాడు. ఆ డబ్బుతో ఏం వస్తుందో ఆమె ముందే లెక్కవేసి పెట్టుకుంది. పెద్ద కంపెనీలు తమ సర్వర్లను కొన్నేళ్ళకొకసారి తీసి పారేస్తాయి. వాటిలోని జియాన్ ప్రాసెసర్లు సెకండ్‌హ్యాండు బజారులో చౌకగా దొరుకుతాయి. ఇంటెల్‌వారు 2010లో తెచ్చిన జియాన్ 5600 శ్రేణిలో ఆరు కోర్ల చిప్పులున్నాయి. ఆ కాలపు ఎక్స్-58 అనే మామూలు ఇంటి బోర్డు కూడా వాటికి సరిపోతుంది. పదేళ్ళ పాతదైనా ఆరు కోర్లు ఆరు కోర్లే.

నేను బెంగళూరులో ఒక ప్రభుత్వరంగ సంస్థలో టెస్టింగు విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన వాడిని. వస్తువు కొనేటప్పుడు మామ పక్కనుంటే మంచిదని నన్ను వెంటబెట్టుకుని ఎస్.పి. రోడ్డుకు బయలుదేరింది. సదర్ పత్రప్ప రోడ్డు అనే దాని పూర్తి పేరు ఎంతమందికి తెలుసో గానీ, బెంగళూరులో రెసిస్టరు నుంచి సర్వరు దాకా ఏది కావాలన్నా అందరూ పరిగెత్తేది ఆ సందుల్లోకే. నాలుగు కొట్లు తిరిగి బోర్డు, మెమరీ కడ్డీలు, పవర్ సప్లై, ఒక పెద్ద ఫ్యాను బేరమాడాము. ప్రాసెసరు దగ్గర ఒక కొట్టతను రెండు చిప్పులు బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే రకం. ఒకదాని ధరలో సగమే రెండోది. అంత తేడా ఎందుకని చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు సవరించుకుని చూశాను. మోడలు నంబరు ఉండాల్సిన చోట నంబరు లేదు. దాని బదులు ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని ఉంది. కింద ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే ఒక కోడు.

“ఇది మచ్చు కదయ్యా?” అన్నాను.

“పని చేస్తుంది సార్. ఇక్కడే వేసి చూపిస్తాను. కొట్టు దాటితే గ్యారంటీ లేదు” అన్నాడతను, పాపం, ఉన్నమాటే.

మచ్చు అంటే ఏమిటి?

ఏ ప్రాసెసరూ ఒక్కసారిగా బజారుకు రాదు. ఏళ్ళ తరబడి గీసి, రాసి, సరిచూసినది ఒకనాడు ఫ్యాక్టరీకి వెళుతుంది. అక్కడినుంచి మొదటి చిప్పులు తిరిగి వచ్చిన రోజు ఇంజనీర్లకు పురిటిరోజు వంటిది. పుట్టిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటారు. చూసుకోవడం అంటే ముద్దు చేయడం కాదు, తప్పులు వెతకడం. కనిపించిన తప్పులను దిద్ది మళ్ళీ అచ్చు వేస్తారు. అలా ఒక్కొక్క అచ్చుకూ ఒక గుర్తు ఉంటుంది. ఈ దశల్లో పుట్టిన చిప్పులనే ఇంజనీరింగ్ శాంపిళ్ళు అంటారు. నేను ముద్దుగా మచ్చు చిప్పులు అంటున్నాను. బోర్డులు చేసేవారికి, మెమరీ చేసేవారికి, సాఫ్ట్‌వేరు రాసేవారికి కొత్త ప్రాసెసరు బజారుకు రావడానికి నెలల ముందే వీటిని పంపిస్తారు, వాళ్ళ సరుకు కూడా అదే సమయానికి సిద్ధం కావాలి కనుక.

బజారు కోసం తయారైన ఇంటెల్ చిప్పు మీది కోడు ‘ఎస్’తో మొదలవుతుంది, మచ్చుది ‘క్యూ’తో. మచ్చుల్లోనూ తరతమాలున్నాయి. మొదటి అచ్చువి తప్పుల తడకలు కావచ్చు. చివరి దశవి బజారు సరుకుతో దాదాపు సమానం. కొన్ని మచ్చులకు వేగం మార్చే తాళాలు వేయకుండానే వదిలేస్తారు, ఇంజనీర్లు రకరకాల వేగాల్లో నడిపి చూడాలి గదా! సరదా కోసం కంప్యూటర్లు కట్టుకునే కుర్రకారుకు వీటి మీద అంత మోజు ఉండడానికి అదొక కారణం. ధర రెండో కారణం.

ఈ పనిలో మన బెంగళూరు వాటా తక్కువది కాదు. ఇంటెల్‌వారు ఒక సర్వరు ప్రాసెసరు రూపకల్పనను ఇక్కడి ఇంజనీర్లకు అప్పగించి, దానికి మన వైట్‌ఫీల్డు పేరే పెట్టారు. అది వెలుగు చూడలేదు. 2005లో రద్దు చేశారు. ఆ దెబ్బ తిన్న ఊళ్ళోనే డనింగ్టన్ అనే మారుపేరుతో మరొకటి రూపొంది, జియాన్ 7400గా 2008 సెప్టెంబరులో విడుదలైంది. ఒకే ముక్క మీద ఆరు కోర్లు, 190 కోట్ల ట్రాన్సిస్టర్లు. భారతదేశంలో రూపకల్పన జరిగిన ఇంటెల్ ప్రాసెసర్లలో మొదటిది అదేనని ఆనాడు పత్రికలు రాశాయి. వైట్‌ఫీల్డు మీద పనిచేసి, అది పోయాక కూడా పని వదలని వారిని తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

సరే, కొట్టు దగ్గరికి వద్దాం. ఈ మచ్చు చిప్పులు ఎవరి చేతిలో ఉన్నా ఇంటెల్‌వారి ఆస్తే. అరువిచ్చినవే గాని అమ్మినవి కావు. అమ్మకూడదని ఆ కంపెనీ స్పష్టంగానే చెబుతుంది. ఎక్కడో ఎవరి చేతిలోనో దారితప్పి ఇలాంటి బల్లల మీదికి వస్తాయి. ఈ సంగతి నాకు తెలుసు. మా పాపకూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మంచి చిప్పు కొంటే మెమరీకి డబ్బు చాలదు. “మామా, ప్రాజెక్టు అయిపోయేదాకానే...” అంది. నేను గట్టిగా కాదనలేకపోయాను. ముప్ఫై ఏళ్ళు సంతకం లేని వస్తువును గేటు దాటనివ్వని వాణ్ణి, ఆ రోజు నోరు మూసుకుని ఆటో పిలిచాను.

చెక్కభజన తాళం

కంప్యూటరు కట్టడం మా పాపకు ఒక పూట పని. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద చర్చ అయింది. ఆఖరికి షెడ్డు పక్కగదిలో పెట్టారు. పురుగులకు 25 డిగ్రీల అటూ ఇటూ చల్లదనం కావాలి గనుక బావ అక్కడ తడి గోనెపట్టలు వేలాడదీస్తాడు. గదిలోకి ఆ చల్లగాలి కొంత వస్తుంది. బావ తల్లి, ఎనభై దాటిన అవ్వ, ఫ్యాన్ల హోరు విని వచ్చి చూసి, “ఇదీ పురుగుల మాదిరేనా? సల్లగా ఉండల్ల, కరెంటు పోకూడదు, రాత్రిళ్ళు మేలుకొని చూసుకోవల్ల” అన్నది. ఇంతకంటే బాగా ఏ ఇంజనీరూ చెప్పలేడు.

చిప్పు అసలు వేగం 2.66 గిగాహెర్ట్జులు. అది ఎలా వస్తుందంటే, బోర్డు మీద ఒక గడియారం సెకనుకు 13 కోట్ల 30 లక్షల సార్లు కొట్టుకుంటుంది. అంటే 133 మెగాహెర్ట్జులు. దాన్ని ప్రాసెసరు 20తో హెచ్చవేసుకుంటుంది. మెమరీ అదే దెబ్బను 10తో హెచ్చవేసుకుని 1333 వేగంతో నడుస్తుంది. మన పల్లెల్లో చెక్కభజన చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. గురువు తాళం వేస్తాడు. వలయంలో ఉన్నవాళ్ళందరూ దానికే అడుగులు వేస్తారు. గురువు తాళం పెంచితే అందరి అడుగూ పెరుగుతుంది. పెంచుకుంటూ పోతే, వయసులో ఉన్నవాడు తట్టుకుంటాడు, ఆయాసపడేవాడు ఎక్కడో ఒక అడుగు తప్పుతాడు. ఓవర్‌క్లాకింగ్ అంటే ఇంతే.

అసలు పెంచడానికి చోటు ఎక్కడిదని అడగవచ్చు. ఒకే చాకీ నుంచి తెచ్చిన పురుగులే అయినా గూళ్ళన్నీ ఒక్కలాగా రావు గదా! చిప్పులూ అంతే. ఒకే పలక మీద పుట్టినవాటిలో ఒకటి చురుకు, ఒకటి మందం. వాటిని పరీక్షించి వేగాల వారీగా వేరుచేస్తారు. ఎండాకాలమైనా, కరెంటు కాస్త అటూ ఇటూ అయినా, ఏళ్ళు గడిచినా తప్పు రాకుండా, తట్టుకోగల వేగానికి కొంత తక్కువే అచ్చు వేస్తారు. ఆ మిగులును వాడుకోవడమే ఓవర్‌క్లాకింగ్. చేయకూడనిదని నేననను. ఆట కోసం చేసేవాడు తప్పితే ఆట ఆగుతుంది, అంతే. లెక్క కోసం చేసేవాడి సంగతే వేరు.

మా పాప తాళాన్ని 133 నుంచి 180కి పెంచింది. ఇరవై రెట్లు వేసుకుంటే 3.6 గిగాహెర్ట్జులు. వేగం పెంచితే కరెంటు ఒత్తిడి కూడా కొంత పెంచాలి. 1.15 వోల్టుల దగ్గర ఉన్నదాన్ని 1.3 చేసింది. వేడి వేగంతోపాటు పెరుగుతుంది, వోల్టేజితో అయితే వర్గంగా పెరుగుతుంది. ఆ లెక్కన 95 వాట్ల చిప్పు 160 వాట్లు దాటుతుంది. అందుకే అంత ఫ్యాను. ఇక మెమరీ. పది రెట్లు ఉంచితే 1800 అవుతుంది, అది తట్టుకోదు. ఆరు రెట్లకు దించితే 1080, మరీ మందం. మధ్యన ఎనిమిది రెట్లు పెడితే 1440. కడ్డీల మీద రాసి ఉన్నది 1333. ఎనిమిది శాతమే కదా అనుకుంది.

ఫిబ్రవరి రాత్రి ఒక గంటసేపు బరువైన పరీక్ష పెట్టి చూసింది. కంప్యూటరు ఆగలేదు, పడిపోలేదు. నాకు ఫోటో పంపితే నేనూ శభాష్ అన్నాను. మా విభాగంలో ఏ పెట్టెనైనా వేడి గదిలో పెట్టి నడిపి చూడనిదే బయటికి పంపేవాళ్ళం కాదు. మంచేనహళ్ళిలో ఫిబ్రవరి రాత్రి దుప్పటి కప్పుకోవాలి. ఏప్రిల్ మధ్యాహ్నం చొక్కా విప్పాలి. ఆ మాట నాకు ఆ రోజు తట్టలేదు.

తొమ్మిది గంటల పని గంటన్నరలో అయిపోతోంది. ఇల్లంతా సంబరం!

తప్పు ఎవరిది?

ఏప్రిల్‌లో మొదలైంది. పదివేల టెస్టులు నడిపితే ఒకటో రెండో తప్పుతున్నాయి. చూస్తే చాలావరకు భాగహారం చేసే భాగంలో. భాగహారం రాయడం ఎవరికైనా కష్టమే. తనదే తప్పని మా పాప దాన్ని పూర్తిగా చెరిపి కొత్తగా రాసింది. మళ్ళీ రెండు తప్పులు. ఇంకొక పద్ధతిలో రాసింది. ఈసారి మూడు. అప్పటికే రెండోసారి కరోనా విజృంభించి నెలాఖరుకు లాక్‌డౌను వచ్చింది. గూళ్ళ ధర ఏమవుతుందోనని బావ దిగులు, ప్రాజెక్టు సమీక్ష తేదీ దగ్గరపడుతోందని పిల్ల దిగులు. పదకొండు రాత్రులు నిద్రలేదు. మూడోసారి రాసి, అదీ తప్పాక, వాళ్ళమ్మ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చిందట. ఏదైనా సులువైన ప్రాజెక్టుకు మారతానని గైడుగారికి ఉత్తరం కూడా రాసి పెట్టుకుంది, పంపడమే తరువాయి.

ఆ సాయంత్రం నాకు ఫోను చేసి, “మామా, నాకు ఈ పని రాదేమో” అంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఉద్యోగం సంగతి సరే, పదో తరగతి నుంచి ఆ పిల్ల కలగన్నది ఈ ఒక్క పనినే.

నాకు వెరిలాగ్ రాదు. చెప్పగలిగింది ఏమీ లేక, మా విభాగంలో కొత్త కుర్రాళ్ళను అడిగే మొదటి ప్రశ్న అడిగాను. “పాపా, తప్పిన టెస్టునే మళ్ళీ నడిపితే, మళ్ళీ అదే చోట తప్పుతోందా?”

అటువైపు చాలాసేపు మాట లేదు. కీబోర్డు చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత, “లేదు మామా. రెండోసారి సరిగా వస్తాంది.”

రాసినదానిలో తప్పుంటే అది ఎన్నిసార్లు అడిగినా అదే తప్పు చెప్పాలి. ఒకసారి తప్పు, ఒకసారి ఒప్పు చెబుతోందంటే అబద్ధం ఆడుతున్నది రాత కాదు, లెక్క చేసే యంత్రం! తప్పులు వచ్చిన వేళలు తీసి చూసింది. రాత్రివి తక్కువ, మధ్యాహ్నానివి ఎక్కువ. భాగహారం టెస్టులు మిగతావాటికంటే ఎక్కువసేపు నడుస్తాయి గనుక దెబ్బలు వాటికే ఎక్కువ తగిలాయి. అందుకే అనుమానమంతా అటు పోయింది.

ఇక్కడ 1994 నాటి కథ ఒకటి చెప్పాలి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం లించ్‌బర్గ్‌లో థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు ప్రధాన సంఖ్యల జంటల మీద లెక్కలు చేస్తూ జూన్‌లో ఒక తేడా గమనించాడు. ఆయన కూడా మొదట అనుమానించింది తన ప్రోగ్రామునే. ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోయి, తప్పు కొత్త పెంటియం చిప్పులోనే ఉందని తేల్చుకునేసరికి అక్టోబరు వచ్చింది. భాగహారం కోసం చిప్పులో పెట్టిన పట్టికలో కొన్ని గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. ఆ చిప్పు 1.33374 అనేది. మామూలు వాడకందారుకు 27,000 ఏళ్ళకొకసారి గాని ఎదురుకాదని కంపెనీ మొదట సర్దిచెప్పబోయింది. జనం ఒప్పుకోలేదు. డిసెంబరులో, అడిగినవారందరికీ చిప్పు మార్చి ఇస్తామనక తప్పలేదు. ఖర్చు 47.5 కోట్ల డాలర్లు. మచ్చుల మీద అంత కాలం, అంత డబ్బు ఎందుకు పోస్తారో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఒక్క మాట. ఆ పెంటియంను వందసార్లు అడిగినా వందసార్లూ అదే తప్పు జవాబు చెప్పేది. తప్పయినా, నిలకడగల తప్పు! ఆచార్యులవారు పట్టుకోగలిగింది అందుకే. మా ఇంటి చిప్పు తప్పుకు ఆ నిలకడ కూడా లేదు.

ఆ రాత్రే మెమరీని ఆరు రెట్లకు దించి, తాళం 180 దగ్గరే ఉంచి నడిపింది. తప్పులు బాగా తగ్గాయి. హమ్మయ్య అనుకుంటుండగా రెండో రోజు మధ్యాహ్నం ఒకటి తప్పింది. అంటే మెమరీ ఒక్కటే కాదు, ప్రాసెసరు కూడా అడుగు తప్పుతోందన్నమాట. నిజమైన సర్వర్లలో మెమరీ తప్పును తానే పట్టుకుని దిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. మేము సర్వరు ప్రాసెసరు కొన్నాం గాని ఆ మెమరీ కొనలేదు. ఆఖరికి అన్నీ అచ్చువేసిన వేగాలకే దించేసి, 133 దగ్గర, మొట్టమొదట రాసిన భాగహారాన్నే తిరిగి పెట్టి, రెండు రోజులు రాత్రీ పగలూ నడిపింది. ఒక్క తప్పు లేదు. మొదటిరోజు రాసినదే సరైనది! ఆ పదకొండు రాత్రులూ లేని జబ్బుకు మందు వేసినట్టయింది.

తప్పు మచ్చు చిప్పుదా, మేము పెంచిన వేగానిదా? వేగానిదే అయి ఉంటుందని నా నమ్మకం. దించాక సరిగా నడిచింది కనుక. అయినా ఖాయంగా తేల్చుకునే దారి లేదు. బజారు చిప్పులకైతే తెలిసిన లోపాల జాబితాను ఇంటెల్‌వారు బహిరంగంగానే ప్రకటిస్తారు. ఫలానా అచ్చులో ఫలానా లోపం అని వివరంగా ఉంటుంది. మచ్చుకు బయటివారి కోసం ఆ జాబితా ఉండదు. బోర్డు ప్రోగ్రాము కొత్తది వేస్తే పాత మచ్చును గుర్తించకుండా పోవచ్చు కూడా. ఎవరినీ అడగలేము. అడిగితే, “ఇది మీకు ఎక్కడిది?” అన్నది వాళ్ళ మొదటి ప్రశ్న అవుతుంది.

గైడుగారి ఉత్తరం చించేసింది. ప్రాజెక్టు నివేదికలో ఈ తప్పుల వేట మీద ఒక అధ్యాయం రాసింది. చిప్పు ఎక్కడ కొన్నదీ, అది ఎటువంటిదీ కూడా దాచకుండా రాసింది. వద్దని వాళ్ళమ్మ అన్నా వినలేదు. ఆన్‌లైనులో జరిగిన పరీక్షలో ఆ పెద్దలు ప్రాసెసరును గురించి పది నిమిషాలు, ఈ అధ్యాయాన్ని గురించి అరగంట అడిగారట.

ఇప్పుడు ఆమె బెంగళూరులో ఒక కంపెనీలో చిప్పుల పరీక్ష విభాగంలోనే ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మచ్చులకు తప్పులు వెతకడమే పని. వాటికి రిజిస్టరు ఉంటుందట, బీరువా ఉంటుందట, తీసినప్పుడూ పెట్టినప్పుడూ సంతకం. “సాయంత్రం లెక్కలో ఒక్కటి తగ్గితే ఎవరినీ ఇంటికి పోనీరు మామా” అంటుంది.

మంచేనహళ్ళి పెట్టె ఇంకా అక్కడే, ఆ గదిలోనే ఉంది. తాళం 133 దాటదు. అవ్వ దాంట్లో హరికథలు వింటుంది. మొన్న ఉగాదికి అందరం కలిసినప్పుడు, పక్కింటివాళ్ళు ఆరు వేలిస్తామంటున్నారు, అమ్మేద్దామా అని బావ అడిగాడు.

“పెట్టె అమ్ముకో నాయనా, ఆ చిప్పు తీసి ఇస్తా. అది మనది కాదు” అంది.

“డబ్బు పెట్టి కొనినాం కదమ్మా!”

“కొనకూడనిది కొనినాం.”

బావ నా వైపు చూశాడు. నేను ఒబ్బట్టు మీద నెయ్యి వేసుకుంటూ తల ఎత్తలేదు. మాట మార్చడానికి, ఇప్పుడు ఏ చిప్పు మీద పనిచేస్తున్నావు పాపా అని అడిగాను.

“అది చెప్పకూడదు మామా” అంది నవ్వుతూ.